ఎక్కడికెళ్లావని అడగలేదు!

2017 మే 21, ఆదివారం. ఉదయం ఎనిమిదిన్నర. మాసబ్ ట్యాంక్ పక్కనే ఉన్న విజయనగర్ కాలనీలో ఓ ఇంటి హాలు. పాతికేళ్ల అమ్మాయి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా స్టీలు చెంబుకి ఆనించిన ఫోను. ఫోనులో అన్నయ్య. అతనుండేది న్యూజెర్సీలో. అక్కడింకా శనివారమే, రాత్రి పదకొండు కావస్తోంది. వీడియో కాల్ చేసి, తన ఫోనును టీవీ వైపు తిప్పి పట్టుకున్నాడు. బొమ్మ మసగ్గా ఉంది. మధ్యమధ్యలో బిగుసుకుపోతోంది. వంటింట్లోంచి అమ్మ ఇడ్లీలు చల్లారిపోతున్నాయని రెండుసార్లు కేకేసింది. అయినా ఆ అమ్మాయి కదల్లేదు. వస్తున్నది మామూలు కార్టూన్ కాదు మరి. పదమూడేళ్లుగా ఎదురుచూస్తున్న ‘సమురాయ్ జాక్’ ఆఖరి భాగం!

ఆ అన్నాచెల్లెళ్లకి జాక్‌తో పరిచయం బడిరోజుల్లోది. సాయంత్రం హోంవర్కు అయిందనిపించి కార్టూన్ నెట్‌వర్క్ పెట్టేవాళ్లు. కథ చిన్నదే. అకు అనే రాక్షసుణ్ని ఓ రాకుమారుడు నరకబోతాడు. కత్తి దిగేలోపు అకు అతణ్ని ఎక్కడో సుదూర భవిష్యత్తులోకి విసిరేస్తాడు. అక్కడంతా అకు రాజ్యమే. మళ్లీ తన కాలానికి వెళ్లి అకుని చంపి, అమ్మానాన్నల్ని కాపాడుకోవాలి. అందుకోసం ఊరూరా తిరుగుతుంటాడు. దారి దొరికినట్టే ఉంటుంది, చివరి నిమిషంలో చేజారుతుంది. ఇంగ్లీషు సగమే అర్థమయ్యే వయసు వాళ్లది. జాక్ పెద్దగా మాట్లాడడు కాబట్టి ఆ లోటు తెలిసేది కాదు. నిమిషాల తరబడి ఒక్క మాట ఉండదు. గాలి, అడుగుల చప్పుడు, గడ్డి ఊగడం... అంతే!

దీన్ని తీసిన గెండీ టార్టకోవ్‌స్కీ మాస్కోలో పుట్టి, ఏడేళ్ల వయసులో అమ్మానాన్నలతో అమెరికా చేరినవాడు. ‘డెక్స్టర్స్ లేబొరేటరీ’ కూడా ఆయనదే. జాక్ బొమ్మల్లో ఓ విచిత్రం ఉంది. మామూలు కార్టూన్లలో ప్రతి బొమ్మ చుట్టూ నల్లగీత ఉంటుంది. ఇందులో ఉండదు. రంగు పక్కన రంగు నిలబడి మనిషవుతుంది. ఆ సంగతి కనిపెట్టింది చెల్లెలే. లెక్కల నోటు పుస్తకం వెనక గీత లేకుండా జాక్‌ని దించడానికి ప్రయత్నించి, కుదరక ఏడ్చింది కూడా. ఆ పిచ్చే ఆమెను ఇంటర్ తర్వాత మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ దాకా లాక్కెళ్లింది. ఆ తర్వాత నగరంలోనే ఓ యానిమేషన్ స్టూడియోలో ఉద్యోగం. ఛోటా భీమ్ లాంటి వాణ్ని 2008లోనే దేశమ్మీదికి వదిలిన ఊరు కదా, ఆ పని నేర్చినవాళ్లకు ఇక్కడ చోటు దొరుకుతుంది.

కార్టూన్ మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. 2001లో మొదలై, 52 భాగాలతో 2004 సెప్టెంబరులో ముగిసింది. ముగిసిందనడం కూడా తప్పే. చివరి భాగంలో జాక్ ఓ పసిబిడ్డను ఎత్తుకుని నానా అగచాట్లూ పడి, వాళ్లమ్మ చేతిలో పెడతాడు. బిడ్డ అమ్మను చేరింది. జాక్ చేరలేదు. “ఎప్పటికైనా తీస్తార్లే, ఇద్దరం కలిసే చూద్దాం” అన్నాడు అన్నయ్య.

2010లో అతను ఎమ్మెస్ అంటూ అమెరికా విమానమెక్కాడు. చదువు, ఉద్యోగం, హెచ్1బీ, పెళ్లి, పాప. జాక్ 2017 మార్చిలో తిరిగొచ్చాడు, పది భాగాలతో. కథలో యాభై ఏళ్లు గడిచిపోయాయి. అతని వయసు పెరగదు, గడ్డం మాత్రం పెరిగింది. కత్తి పోయింది. వెనక్కి వెళ్లే దారులన్నీ అకు మూసేశాడు. ఆ ఏడాది ఇంట్లో పరిస్థితీ బాగా లేదు. ఫిబ్రవరిలో కాన్సస్‌లో ఓ హైదరాబాద్ ఇంజినీరును కాల్చి చంపారు. ఏప్రిల్‌లో ట్రంప్ హెచ్1బీ మీద కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. ఫోను మోగితే చాలు, అమ్మది ఒకటే మాట: “వచ్చెయ్ నాన్నా.”

ఇక ఆఖరి భాగం. జాక్ మనసు పడిన ఆషి అకు కూతురే. తండ్రి ఆమెను లోబరుచుకుంటాడు. జాక్ ఇన్నేళ్లలో సాయం చేసిన వాళ్లందరూ దండుగా వస్తారు. ఆషి తండ్రి పట్టు తెంచుకుని, అతని శక్తితోనే కాలంలో దారి తెరుస్తుంది. ఇద్దరూ గతంలోకి దూకుతారు. జాక్ అకుని నరికేస్తాడు. పెళ్లి ఏర్పాట్లు. పెళ్లికూతురు నడిచొస్తూ కుప్పకూలి, అతని చేతుల్లోనే మాయమైపోతుంది. అకు లేకపోతే ఆమె పుట్టుకే లేదు కదా! చివర్లో జాక్ ఒంటరిగా కూర్చుని ఉంటే చేతి మీద ఓ అక్షింతల పురుగు వాలుతుంది. అతను దాన్ని ఎగరనిస్తాడు. అయిపోయింది.

“ఇంతేనా?” అంది చెల్లెలు. గొంతులో కోపం. ఆమెది పనితెలిసిన వాళ్ల కోపం. ఇరవై రెండు నిమిషాల కార్టూనంటే సెకనుకు 24 చొప్పున 31,680 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములపాటు నిలిపినా దాదాపు 16 వేల బొమ్మలు. ఏ సన్నివేశానికి ఎన్ని ఇవ్వాలన్నదే అసలు నేర్పు. గడ్డి ఊగడానికి నిమిషాలిచ్చిన మనిషి, అకు చావుకి అంత హడావుడి పడ్డాడేంటి? పాత స్నేహితులు ఒక్కొక్కరూ ఇలా మెరిసి అలా పోవడమేనా? అకు చచ్చినప్పుడే మాయం కావలసిన అమ్మాయి పెళ్లిదాకా ఎలా ఉంది? ఇంకో రెండు భాగాలు ఉండి ఉంటే బావుండేదన్నది ఆమె ఒక్కదాని మాటేం కాదు, ఎందరో అభిమానులు అదే అన్నారు. నిజానికి ఆ అక్షింతల పురుగు ఒక్కటీ పాత జాక్‌ని గుర్తుచేసేంత నెమ్మదిగా, అందంగా ఉంది. అందుకే మిగతాది మరీ కొరతగా అనిపిస్తుంది.

అమ్మ ప్లేటు తెచ్చి పెట్టింది. విషయం విని, “మరోచరిత్ర చూసొచ్చి మేం రెండ్రోజులు అన్నం తినలేదే. నువ్వు ఇడ్లీ తిను” అంది.

అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఫోను ఇంకా టీవీ వైపే ఉంది. ప్రకటనలు వస్తున్నాయి. చివరికి అన్నాడు: “నాకు అదేం కాదే. యాభై ఏళ్లు ఎక్కడున్నావురా అని వాళ్లమ్మ ఒక్కమాట అడగలేదు.”

ఎలా అడుగుతుంది? జాక్ తిరిగొచ్చింది అకు అతణ్ని విసిరేసిన మరుక్షణానికే. వాళ్లమ్మ లెక్కన కొడుకు ఎక్కడికీ వెళ్లనే లేదు. యాభై ఏళ్ల ఆకలి, దెబ్బలు, స్నేహాలు... అన్నీ అతని ఒక్కడికే తెలుసు. ఇంకొకామెకు తెలుసు, ఆమె మాయమైంది. చెల్లెలు లాజిక్కు చెప్పబోయి ఆగిపోయింది. అవతల పక్కగదిలో పాప లేచి ఏడుస్తోంది. “ఉంటా” అని అన్నయ్య ఫోను పెట్టేశాడు.

2020 ఆగస్టులో జాక్ వీడియో గేమ్ వచ్చింది. అందులో రహస్యంగా దాచిన ముగింపు ఒకటుంది. కష్టపడి అన్నీ సేకరిస్తే ఆషి మాయమవదు, పెళ్లి జరుగుతుంది. అన్నయ్య రాత్రుళ్లు కూర్చుని సాధించాడట. “గెలిస్తే ఇచ్చేది బహుమతి అన్నయ్యా, ముగింపు కాదు” అని చెల్లెలు కొట్టిపారేసింది. అప్పటికి కరోనా. మామూలు అంతర్జాతీయ విమానాలు మార్చిలోనే ఆగిపోయాయి. ఆ వేసవిలో రావాల్సినవాడు రాలేదు. స్టూడియో పని ఇంటి నుంచే.

ఓ రాత్రి ఆమె కాగితాలు ముందేసుకుంది. ఎనిమిది బొమ్మలు. జాక్ గడప దాటి లోపలికి వస్తాడు. కత్తి గోడకి ఆనిస్తాడు. వాళ్లమ్మ చూస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటారు. ఆమె నోరు తెరిచి ఏదో అడుగుతుంది. అతను చెప్పడం మొదలుపెడతాడు. బయట చీకటి పడుతుంది. అతను ఇంకా చెబుతూనే ఉంటాడు. ఎక్కడా నల్లగీత లేదు. ఈసారి కుదిరింది.

ఫొటో తీసి వాట్సాప్‌లో పంపబోతుంటే అమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. కథ తెలియదు, ఎవరని అడగలేదు. ఐదో బొమ్మ మీద వేలు పెట్టి, “అంత దూరం నుంచి వచ్చినట్టున్నాడు, ముందు కంచం ఏదే?” అంది.

చెల్లెలు ఫోను పక్కన పెట్టి, మళ్లీ బ్రష్షు తీసింది.