శుక్రవారం మంచం

మా బాపుకు కిడ్నీలు పాడైనయని చెప్పిన రోజు మేం అంతగా భయపడలే. తెల్ల కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైనప్పుడు 2 లక్షల దాకా ఉన్న సాయం, 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు. పైసలకు ఫికర్ లేదనుకున్నం.

డాక్టరు వారానికి మూడుసార్లు డయాలసిస్ అని రాసిండు. కౌంటర్ కాడ మాత్రం "రెండుసార్లే. అదీ ఎవరన్న ఖాళీ చేస్తేనే" అన్నరు. పదిహేను రోజులు హైదరాబాద్ తిప్పినంక ఫోన్ వచ్చింది: మంగళ, శుక్రవారాలు. యాడి తండాల బెల్లం పంచింది. మొదటి మంగళవారమే పక్క మంచం ఆయన చెప్పిండు, ఆ మంచం మీద పండే అవ్వ మొన్ననే చనిపోయిందని. ఖాళీ చేసుడంటే అది. బెల్లం సంగతి నేను ఎవరికీ చెప్పలే.

బడిల లెక్కలు చెప్పేవాణ్ని కాబట్టి లెక్క వేసిన. ఒక మనిషికి నాలుగు గంటలు. రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు, ఒక మిషన్ మీద 18 సార్లు. మూడుసార్లు చేస్తే ఆరుగురు బతుకుతరు, రెండుసార్లు చేస్తే తొమ్మిదిమంది. అంటే బాపు మూడో వంతు ఇంకొకరికి పోతున్నది. కౌంటర్ కాడ కూర్చున్న పిల్లగాని మీద నాకున్న కోపం సగం అక్కడే చల్లారింది.

ఇది మన ఒక్కకాడిదే కాదు. 1962లో అమెరికాల సియాటిల్‌లో ఎవరికి మిషన్ ఇయ్యాల్నో తేల్చడానికి ఏడుగురితో కమిటీ ఉండేది, వాళ్ల పేర్లు బయటికి చెప్పేది లేదు. డర్బన్‌లో, మన దేశం నుంచి చెరకు తోటల కూలికి పోయినోళ్ల పిల్లలుండే ఊర్లో, సుబ్రమణి అనే ఆయనకు సర్కారు దవాఖాన డయాలసిస్ ఇయ్యలే. గుండె జబ్బు ఉంది, కిడ్నీ మార్పిడికి పనికిరాడని. దక్షిణాఫ్రికా రాజ్యాంగ కోర్టు దాకా పోయిండు. 1997 నవంబర్‌లో ఓడిపోయిండు, కొద్ది రోజులకే చనిపోయిండు. ఆయన ఓడినా, ఎందుకు ఇయ్యలేదో కాగితం మీద ఉంది. మనకు ఆ కాగితం కూడా లేదు. రేషన్ దుకాణంల స్టాకు బోర్డు పెడతరు, హాస్టల్ సీట్ల లిస్టు గోడకు అతికిస్తరు. మంచం కోసం ఎవరు ఎన్నో నంబరో ఎందుకు అతికియ్యరు? లిస్టు లేనికాడ ఫోన్ చేయించే మనిషి ఉన్నోడు ముందుకు పోతడు. తండావాళ్లకు అసుంటి మనిషి ఎక్కడ దొరుకుతడు?

పోయిన నెల ఒక శుక్రవారం బాపు తొందరగా ఇంటికొచ్చిండు. అయిపోయిందన్నడు. ఆదివారం రాత్రి ఊపిరాడలే. అప్పుడు చెప్పిండు, "ఒక ఆడపిల్ల వచ్చింది బేటా, మొకం ఉబ్బి ఉంది. ఇంకా పెండ్లి కాలే. సారును అడిగి నా మంచం ఇచ్చిన."

నేను గట్టిగా అరిచిన. చిన్నప్పటి సంది బాపు మీద అట్ల అరిచింది లేదు. ఆయన ఏమీ అనలే, గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం సెలవు పెట్టి, ముప్కాల్ కాడ ఆయనతోనే బస్సెక్కుతున్న. ఆర్మూర్ దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోం. దవాఖానల సూది గుచ్చేదాకా మంచం పక్కనే నిలబడత. ఆ పిల్ల వస్తే ఏం చేస్తనో నాకు తెల్వదు.