పురానాపూల్ నుంచి బావకు



వంతెన దగ్గర దించమంటే ఆటో అతను కూరగాయల సంత ముందు ఆపాడు. వంతెన ఏదయ్యా అంటే, ఎక్కి నడువు, అదే అన్నాడు. 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా మూసీ మీద కట్టించిన రాతి వంతెన ఇప్పుడు టమాటా గుట్టల్నీ కొత్తిమీర కట్టల్నీ మోస్తోంది. బళ్లన్నీ పక్కన కట్టిన కొత్త వంతెన మీంచి పోతున్నాయి. చార్మినార్ లేచింది 1591లో, అంటే ఇది దానికంటే పదమూడేళ్లు పెద్దది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దీన్ని చూసి, అందంలో పారిస్ పాంట్ నఫ్ వంతెనకి పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు.

పిట్టగోడ మీంచి వంగి కిందకి చూశాను. మూసీ సన్నగా, నల్లగా, నురగ కట్టి పోతోంది. దాని మీద ఇరవై రెండు కమానులు! ఇంత ఏటికి ఇంత ఎత్తు దేనికని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి జవాబు 1908 సెప్టెంబరు 28న వచ్చింది. ఆ రోజు మూసీకి వచ్చిన వరదలో పదిహేను వేలమంది దాకా పోయారంటారు. దిగువ వంతెనలు దెబ్బతిన్నా ఇది నిలబడింది. కట్టినవాడు ఆ రోజు కళ్లముందు పారే నీళ్లతో సరిపెట్టుకోలేదు, ఎప్పుడో రాబోయే నీళ్లకి దారి వదిలాడు. ఆ వరద తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానంటే, మన రెజిన్ షెడ్డు గుర్తొచ్చింది. పోయిన ఏడాది రెజిన్‌ని గట్టిపరిచే కేటలిస్ట్ డబ్బా ఒరిగిపోతే కుర్రాళ్లు రంపపు పొట్టు తెచ్చి చల్లారు చూడు, ఆ పొట్టు కాసేపటికి పొగలు కక్కింది. ఆ రోజు నువ్వు "ఇప్పుడేం చెయ్యాలిరా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ దొరికింది.

వంతెన దిగి కాస్త నడిస్తే ధూల్‌పేట. చవితి దగ్గర పడుతోంది గనక వీధుల నిండా వినాయకులే. తెల్లటివాళ్లు కొందరు, సగం రంగేసుకున్నవాళ్లు కొందరు, తొండం ఇంకా అతకనివాళ్లు కొందరు. గాలంతా థిన్నర్ వాసన. ఒక షెడ్డులో పెద్దాయన నేల మీద జాజుతో గీసిన గీతల్ని మళ్లీ దిద్దుతున్నాడు. ముగ్గేమో అనుకున్నాను. గీత థిన్నర్ డ్రమ్ము దగ్గర మొదలై, వంకర తిరిగి, గుమ్మం పక్కనున్న మోరీ దాకా పోయింది.

అడిగితే, ఒక బకెట్ నీళ్లు తెచ్చి డ్రమ్ము పక్కన కుమ్మరించాడు. నీళ్లు అచ్చంగా ఆ గీత మీదే పారాయి బావా! తన హిందీలో నిదానంగా చెప్పాడు: డ్రమ్ము ఒరిగితే థిన్నర్ పోయే దారి ఇది, ఏటా పని మొదలెట్టేముందు నీళ్లు పోసి చూసుకుంటాను, పొయ్యి గానీ స్విచ్చు బోర్డు గానీ ఈ దారిలో ఉండనివ్వను. మోరీ ముందు ఇసుక మూటలు రెండు ఉన్నాయి. మోరీలో పడిందల్లా చివరికి చేరేది మూసీకే.

ఇసుక బకెట్లు మాత్రం డ్రమ్ము దగ్గర లేవు, గుమ్మం బయట ఉన్నాయి. ఒలికినప్పుడు డ్రమ్ము దాకా వెళ్లగలిగేదెవరు అన్నాడు. మన షెడ్డులో ఇసుక ఎక్కడుందో తలుచుకో. డ్రమ్ముల వెనక, మూలన.

ఇసుక చల్లడంలోనూ ఒక వరస ఉంది. మనం నడిమధ్య పోసేస్తాం. ఆయన ముందు అంచుల వెంబడి, పల్లం వైపు గట్టు కడతాడు, ఆ తర్వాతే లోపలికి వస్తాడు. చెరువుకి గండి పడితే మన ఊళ్లో చేసేదీ అదేగా. ఎత్తడానికి చెక్క చేట, నింపడానికి మూతున్న డబ్బా. ఇనప పార నేలకి గీసుకుంటే నిప్పురవ్వ లేస్తుందని దాన్ని తాకనివ్వడు.

థిన్నర్ సంగతి ఆయన చెప్పాడు. మన సరుకు ఇంకా తిక్కది. రెజిన్‌లో ఉండేది స్టైరీన్. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో పన్నెండుమందిని బలిగొన్నది ఆ స్టైరీన్ ఆవిరే. 31 డిగ్రీలకే అది అంటుకునేంత ఆవిరి వదులుతుంది, మన కాకినాడలో ఏడాదిలో ఎన్ని మధ్యాహ్నాలు అంతకు తక్కువుంటాయి? ఆ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, నేలనంటుకుని పల్లానికి పాకుతుంది. అందుకే ఒలికిన వెంటనే ఫ్యాను వెయ్యకూడదు, ఉన్నదాన్ని ఆపనూ కూడదు. స్విచ్చు రవ్వ చాలు.

కేటలిస్ట్ మీద రంపపు పొట్టు, గుడ్డపీలికలు, కాగితం ఏవీ వెయ్యకూడదు. తనంతట తనే అంటుకుంటుంది. దానికి శుభ్రమైన ఇసుకే. కంట్లో చుక్క పడితే పదిహేను నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడగాలి, లేకపోతే చూపే పోవచ్చు. రెజిన్‌లో కలిపే కోబాల్ట్‌నీ కేటలిస్ట్‌నీ ఒకే అరలో పెట్టొద్దు, రెండూ నేరుగా కలిస్తే పేలుడే. రెజిన్‌తో వచ్చే సేఫ్టీ డేటా షీట్‌ని మనం బిల్లుతోపాటు గుచ్చేస్తున్నాం. అందులో ఆరో భాగం మొత్తం ఒలికినప్పుడు ఏం చెయ్యాలన్నదే. దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి గోడకి కడదాం. మన ఒడిశా కుర్రాళ్లకి ఒడియాలో కూడా.

సాయంత్రం బజార్‌ఘాట్ వైపు వెళ్లాను. 2023 నవంబరు 13న అక్కడొక అపార్ట్‌మెంటులో కింద డ్రమ్ములు, పైన కాపురాలు. ఆ రోజు డ్రమ్ములు అంటుకుని తొమ్మిదిమంది పోయారు. పైనున్నవాళ్లకి కింద ఏముందో ఏపాటి తెలుసో. అక్క వంటగది మన షెడ్డు గోడకి ఆనుకునే ఉందన్నది అక్కడ నిలబడ్డప్పుడు తట్టింది. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు బావా.

శుక్రవారం గౌతమి రైలు ఎక్కుతున్నాను. నేను వచ్చేలోగా ఇసుక జల్లించి, ఎండబెట్టి ఉంచు. డ్రమ్ములు నిలబెట్టడానికి ఇనప తొట్టి చేయించు. ఒక డ్రమ్ము మొత్తం కారిపోయినా పట్టి, పైన ఇంకో పదో వంతు ఖాళీ ఉండాలి. రెండు వందల లీటర్ల డ్రమ్ముకి రెండు వందల ఇరవై. కేటలిస్ట్ డబ్బాలు ఈ రాత్రికే వేరే గదిలోకి, నీడకి మార్చెయ్. నీళ్ల బకెట్ మాత్రం నేనొచ్చాకే పోద్దాం, కుర్రాళ్లందరూ చూస్తుండగా. జాజు ఇక్కడే కొన్నాను.

నీ బావమరిది