మా వంటింట్లో అయిదు నిమిషాల సినిమా

మా అమ్మాయి డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్ తీసుకుంటానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ గొడవ చేసింది నేనే. "బీటెక్ వద్దంటే మానె, బీకామ్ అయినా చదవవే, కెమెరాలు పట్టుకు తిరిగే చదువేమిటి?" అని నెల రోజులు సణిగాను. అది వింటేగా! ఇప్పుడు రెండో సంవత్సరం. నా సణుగుడు ఊరికే పోలేదు లెండి, మొన్న సెమిస్టర్‌లో దాని కెమెరా తిన్నగా నా మీదికే వచ్చింది.

ముగ్గురేసి పిల్లలు కలిసి అయిదు నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలట. మాటలు తక్కువ ఉండాలి, బొమ్మతోనే కథ చెప్పాలి అని మాస్టారి షరతు. "అమ్మా, నీ పొద్దుటి వంట తీస్తాను" అంది.

"నా వంటలో సినిమా ఏముందే?" అన్నాను.

అప్పుడు చెప్పింది. బెల్జియంలో శాంతల్ అకెర్మాన్ అని ఒకావిడ 1975లో 'జాన్ డీల్‌మాన్' అనే సినిమా తీసిందట. ఒక గృహిణి మూడు రోజుల జీవితం. మూడు గంటల ఇరవై నిమిషాల సినిమాలో చాలాసేపు ఆవిడ వంట చేయడం, బంగాళాదుంపల తొక్క తీయడం, గిన్నెలు తోమడం! 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక ప్రపంచంలోని విమర్శకులను అడిగితే, ఇప్పటిదాకా వచ్చిన సినిమాలన్నిటిలో దానికే మొదటి స్థానం ఇచ్చారట. "మనింట్లో రోజూ అదే ఆట, టిక్కెట్టు కూడా లేదు" అన్నాను. కానీ మనసులో ఎక్కడో కాస్త గర్వంగానే అనిపించింది సుమండీ.

శనివారం పొద్దున్నే ముగ్గురూ దిగిపోయారు. కెమెరా ఒక అమ్మాయిది, మైకులు ఒక అబ్బాయివి, పెత్తనం మా అమ్మాయిది. ముందు ట్యూబ్‌లైటు దగ్గరే ఆగిపోయారు. మా వంటింట్లో పాత ట్యూబ్‌లైటు. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, కెమెరాలో షట్టర్ దానికి తగ్గట్టు పెట్టకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయట. సెకనులో 50వ వంతుకి తిప్పాక కుదిరింది. తరవాత మా వారి తెల్ల పంచె తెచ్చి కిటికీకి ఎదురుగా కట్టారు, వెలుతురు దాని మీద పడి నా మొహం మీదికి మెత్తగా రావడానికట. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' తీసినప్పుడు కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లగుడ్డ పరిచి, లైట్ల వెలుగు దాని మీద కొట్టించి పగటి వెలుతురు తెప్పించాడట. "ఆయన గుడ్డకి పసుపు మరకలు ఉండి ఉండవు" అన్నారు మా వారు, పంచె వంక దిగులుగా చూస్తూ.

మర్నాడు ఆదివారం మళ్ళీ అదే చీర కట్టమన్నారు. కట్టాను. గాజులు మాత్రం మరిచిపోయి మార్చేశాను. అంతే, గంట షూటింగు దండగ! నిన్న పోపు వేసిన చేతికి ఎర్ర గాజులు, ఇవాళ గరిటె తిప్పే చేతికి పచ్చవి. దాన్ని కంటిన్యూటీ అంటారని నాకు తెలిసేసరికి పప్పు అడుగంటింది.

అన్నిటికంటే విచిత్రం చివరిది. వంటింటి నిశ్శబ్దాన్ని ఒక నిమిషం పాటు రికార్డు చేసుకున్నారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదేనట. ఎడిటింగులో మాటల మధ్య ఖాళీ వస్తే అక్కడ ఈ నిశ్శబ్దం పరవకపోతే చెవికి గుంటలాగా తగులుతుందట. అందుకని ఫ్యాన్లు ఆపారు, ఫ్రిజ్ ఆపారు. ఆ అబ్బాయి తన బండి తాళాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టాడు. "ఇదేం చోద్యం నాయనా?" అంటే, "ఇంటికి వెళ్ళేటప్పుడు తాళాల కోసం వస్తాను కదాంటీ, ఫ్రిజ్ వేయడం మర్చిపోను" అన్నాడు. ఆ తెలివికి వాడికి ఇంకో పెసరట్టు వేశాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నా జాకెట్టుకి చిన్న మైకు ఒకటి తగిలించి, పమిట చాటున దాచారు. భోజనాల వేళకి అందరూ హాల్లో కూర్చున్నారు. వడ్డించి, వంటింట్లోకి వచ్చి పొయ్యిగట్టు తుడుస్తున్నాను. మైకు ఉందన్న ధ్యాసే లేదు.

ఆ రాత్రి మా అమ్మాయి హెడ్‌ఫోన్లు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఏమీ మాట్లాడకుండా నా చెవులకి పెట్టింది. ముందు గుడ్డ రాపిడి, గిన్నె చప్పుడు. తరవాత నా గొంతు: "అందరి కంచాలూ ఎత్తడానికి నేను కావాలి. నేను తిన్నానా లేదా అని అడిగే దిక్కు లేదు ఈ కొంపలో. పైగా ఈవిడగారికి మజ్జిగ పల్చగా లేదట!"

నాకు తల కొట్టేసినట్టయింది.

"రోజూ ఇలా అనుకుంటావా అమ్మా?" అంది.

"పని చేసుకుంటూ ఏదో గొణుక్కుంటామే. అవన్నీ పట్టించుకుంటారా?"

"సినిమాలో ఈ మాట పెడతానమ్మా. దీనికి మించిన మాట నేను రాయలేను."

వద్దన్నాను. మా అత్తగారికి 78 ఏళ్ళు. నాకు సిజేరియన్ అయినప్పుడు మూడు నెలలు పసిపిల్లకి నీళ్ళు పోసి, నాకు పథ్యం వండి పెట్టింది ఈ 'ఈవిడగారే'. మా ఇరవై రెండేళ్ళ కాపురంలో మజ్జిగ దగ్గర గొణిగిన ఒక్క ముక్క తీసి పదిమందికి చూపిస్తే, ఆవిడంటే అంతే అనుకోరూ?

"నిజమే కదా నువ్వన్నది?" అంది మొండిగా.

"నిజమే. అదొక్కటే నిజం కాదు."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒక కాగితం తెచ్చింది. సినిమాలో కనబడేవాళ్ళు, వినబడేవాళ్ళు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలట. నా పక్కన కూర్చుని, ఆ మాట ఉన్న ముక్కని నా కళ్ళ ముందే తీసేసింది. అక్కడ ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో, ఫ్రిజ్ ఆపి తీసుకున్న మా వంటింటి నిశ్శబ్దాన్ని పరిచింది. అప్పుడు సంతకం పెట్టాను.

కాలేజీలో చూపించిన ఆదివారం ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి వేశారు. మా అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని ముందు కుర్చీలో కూర్చున్నారు. పోపు చిటపటలు, కుక్కర్ కూతలు, మా వారి కంచం, అమ్మాయి బాక్సు, అత్తగారి మజ్జిగ గ్లాసు. చివర్న నేను పొయ్యిగట్టు తుడుస్తూ ఉంటాను. మాట లేదు. అంతే, సినిమా అయిపోయింది.

మా వారు చప్పట్లు కొట్టారు. మా అత్తగారు కొట్టలేదు.

"ఇందులో అందరం తిన్నాం. నువ్వు తినడం ఏదమ్మాయ్?" అన్నారు.

మా అమ్మాయి నా వంక చూసింది. నేను తల దించుకుని, "అప్పటికి వాళ్ళు కెమెరా కట్టేశారత్తయ్యా" అన్నాను.

ఆవిడ కాసేపు ఊరుకుని, "మా అత్తగారి దగ్గర నేనూ అంతే. అందరివీ అయ్యాక వంటింటి గోడకి ఆనుకుని తినేదాన్ని. తిన్నావా అని ఆవిడా అడగలేదు" అని లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి ఇల్లు మారిపోయిందని రాస్తే అబద్ధమే అవుతుంది. మజ్జిగ మీద వంకలు అలాగే ఉన్నాయి. కాకపోతే కంచం ముందు కూర్చుని "నువ్వూ పెట్టుకో, చల్లారిపోతుంది" అంటున్నారు, నాలుగు రోజులకి రెండు రోజులు. మా వారికి ఇంకా ఆ అలవాటు పట్టలేదు. చూడాలి.

అమ్మాయికి మంచి మార్కులే వచ్చాయి. చివరి నిశ్శబ్దం బాగుందని మాస్టారు ప్రత్యేకంగా రాశారట. దాని చదువు గురించి నేను సణగడం మానేశాను. మిగతా సణుగుడు మాత్రం పోలేదండీ, ఎక్కడికి పోతుంది? కాకపోతే మొదలుపెట్టే ముందు ఒకసారి పమిట తడుముకుంటున్నాను, మైకు ఉందేమోనని.