కాగితం కప్పిన ఎక్కాలు

ఆఫీసులో నా పాస్‌పోర్టు చూసి, ఫోటో ఉన్న స్టిక్కరొకటి చొక్కాకు అంటించి లోపలికి పంపారు. దక్షిణ డాలస్‌లోని ఆ ప్రభుత్వ ఎలిమెంటరీ బడిలో మా అమ్మాయి స్నేహితురాలు ఐదో తరగతికి లెక్కలు చెబుతుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పయ్యేళ్ళు అదే పని చేసి రిటైరయినవాణ్ణి, టెక్సస్ దాకా వచ్చి ఒక బడైనా చూడకుండా వెళ్ళబుద్ధి కాలేదు.

ఏప్రిల్ నెల. రాష్ట్రం పెట్టే ‘స్టార్’ పరీక్ష దగ్గరపడింది. నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి స్టూలెక్కి గోడ మీది ఎక్కాల పట్టికకు కాగితం కప్పుతోంది. పరీక్ష రోజున పాఠానికి సంబంధించిందేదీ పిల్లల కంటబడకూడదట. నేను టేపు ముక్కలు కత్తిరించి అందించాను.

మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఏటా ఈ పరీక్ష ఉంటుంది. ఫలితానికి నాలుగు మెట్లు: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. వీటి మీదే బడి మార్కు కడతారు. వందమంది పిల్లల్లో కనీసం అప్రోచెస్ అందుకున్నవాళ్ళు 70, కనీసం మీట్స్ 40, మాస్టర్స్ 16 అనుకుందాం. మూడూ కూడి మూడుతో భాగిస్తే 42. మాస్టర్స్ దాకా వెళ్ళిన పిల్ల మూడుసార్లు లెక్కకొస్తుంది, అప్రోచెస్ దగ్గర ఆగిన పిల్ల ఒక్కసారే. నాకిది నచ్చింది. మా పదో తరగతిలో 35 దాటారా లేదా అన్నదే బడి పరువు. ముప్పై దగ్గర ఊగిసలాడే పిల్లల్ని తలా కొందరిని దత్తత తీసుకునేవాళ్ళం. ఇంకా అక్షరాలు కూడబలుక్కునేవాడు పరీక్షకు ముందరి ఆ రెండు నెలలూ వెనక బెంచీలోనే ఉండిపోయేవాడు. ఆ తప్పులో నాకూ భాగముంది.

“ఈ లెక్కొక్కటే అయితే మా బడి ఎప్పటికీ పైకి రాదు మాస్టారూ,” అంది. ఇక్కడి పిల్లలంతా దాదాపు పేదింటివాళ్ళే. అందుకే రెండో లెక్క ఉంది: పిల్లవాడు నిరుటి కన్నా ఎంత ఎదిగాడు, ఇలాంటి పేద పిల్లలున్న బడులతో పోలిస్తే మనమెక్కడ? మొదటి లెక్క, ఈ రెండో లెక్క, వీటిలో మెరుగైనదానికి 70 శాతం బరువు. మిగతా 30 శాతం, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళ వంటి పిల్లలు వెనకబడిపోకుండా చూసినందుకు. అన్నీ కలిపి బడికి ఎ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం. వరసగా ఐదేళ్ళు ఒక బడి తప్పితే దాన్ని మూసెయ్యాలి, లేదా జిల్లా స్కూలు బోర్డునే రాష్ట్రం తన చేతిలోకి తీసుకోవాలి. 2023లో హ్యూస్టన్ బోర్డుకు అదే జరిగింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది.

టీచర్ల గదిలో ఒక గోడ నిండా రంగు కార్డులు, పిల్లకొకటి. పేర్లు లేవు, నంబర్లే. అడుగు వరసలోని ఒక ఎర్ర కార్డు మీద వేలు పెట్టింది. “సెప్టెంబరులో వీడికి భాగహారమే రాదు. ఇప్పుడు మూడంకెల సంఖ్యను రెండంకెలతో భాగిస్తున్నాడు. అయినా ఈసారీ డిడ్ నాట్ మీటే రావచ్చు.”

బడికొచ్చే అక్షరంలో ఈ భాగహారం కనబడుతుందామ్మా అని అడిగాను. ఎదుగుదల లెక్కలో వాడి వంతు ఉంటుందంది. ఇళ్ళ ప్రకటనల్లో మాత్రం బడి రేటింగొక్కటే వేస్తారు. డాలస్ శివారు ఫ్రిస్కోలో మా అల్లుడు ఇల్లు కొన్నది దాన్ని చూసే.

బెల్లు మోగింది. పిల్లలు తరగతిలోకి వచ్చారు. ఆ కార్డు ఎవరిదో ఆమె చెప్పలేదు, నేనడగలేదు. చివర కూర్చున్న ఒకడు కాగితం కప్పిన పట్టిక వైపే చూస్తూ, పెదాలు కదుపుతూ, వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.