కార్డు పెట్టే చోటు

2016 అక్టోబరులో యాపిల్ తెచ్చిన మ్యాక్‌బుక్ ప్రో తెర నిజంగా గొప్పది. 500 నిట్ల వెలుగు, సినిమావాళ్లు వాడే పీ3 రంగుల శ్రేణి. స్పీకర్లూ మెరుగయ్యాయి. అంతకుముందు 2.04 కిలోలున్న 15 అంగుళాల మోడల్ 1.83 కిలోలకు తగ్గింది. వీడియోలు, పాటలతో పనిచేసేవాళ్లకు ఇంకేం కావాలి అనిపిస్తుంది.

అసలు సంగతి పక్కలు చూస్తే తెలిసేది. కెమెరా కార్డు పెట్టే చోటు లేదు, హెచ్‌డీఎంఐ లేదు, మామూలు యూఎస్‌బీ కూడా లేదు. 15 అంగుళాలదానికి నాలుగు థండర్‌బోల్ట్ 3 పోర్టులు, ఒక హెడ్‌ఫోన్ జాక్, అంతే! పెళ్లిలో రోజంతా షూట్ చేసిన కెమెరామన్ రాత్రికి కార్డు ఖాళీ చేసుకోవాలంటే విడిగా అడాప్టర్ కొని వెంట తిప్పుకోవాలి. అది ఇంట్లో మరిచిపోతే, ఎంత మంచి తెర ఉన్నా ఆ రాత్రి పని ఆగినట్టే.

కీబోర్డుదీ అదే గోడు. పల్చటి బటర్‌ఫ్లై మీటల్లో కొన్ని అక్షరాలు రెండుసార్లు పడేవి, కొన్ని అసలు పడేవే కావు. 2018 జూన్‌లో యాపిలే ఉచిత మరమ్మతు పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 నవంబరులో 16 అంగుళాల మోడల్‌తో సిజర్ కీబోర్డు తిరిగొచ్చింది.

2021 అక్టోబరులో కార్డు స్లాట్, హెచ్‌డీఎంఐ, అయస్కాంతంతో అతుక్కునే మ్యాగ్‌సేఫ్ చార్జింగ్ మళ్లీ వచ్చాయి. కీబోర్డు పైవరుసలో మీటల బదులు పెట్టిన తాకే తెర, టచ్‌బార్, పోయింది. 16 అంగుళాలది 2.1 కిలోలు తూగింది. ఆ బరువు మోసినా నష్టం లేదు.

మల్టీమీడియా ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లు షాపుకి తమ కెమెరా కార్డు తీసుకెళ్లండి. తెర కన్నా ముందు పక్కలు తిప్పి చూడండి.