ఇషాన్ కిషన్‌కు 11.25 కోట్లు దండగేనా?

టీ అంగడి కాడ మళ్లీ అదే పంచాయితీ. ‘ఆ దుడ్లతో ఇద్దరు బౌలర్లు వచ్చేవాళ్లు కదప్పా’ అంటారు మావోళ్లు. 2024 నవంబర్ ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ ఇషాన్ కిషన్‌ను 11.25 కోట్లకు కొన్నప్పటి నుంచీ ఇదే మాట.

లెక్క వాళ్ల వైపే ఉంది, కాదనను. 2025 సీజన్‌లో మొత్తం 354 పరుగులు. అందులో ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 47 బంతుల్లో కొట్టిన 106, బెంగళూరు మీద కొట్టిన 94, రెండూ నాటౌటే. ఆ రెండూ తీసేస్తే మిగిలిన 11 ఇన్నింగ్స్‌లో 154. ముంబై మీదైతే బ్యాట్‌కు తగలని బంతికి కూడా తనే నడిచి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకూ కడుపు మండింది.

అయినా దండగని మాత్రం నేను ఒప్పుకోను. ముంబైలో ఏళ్ల తరబడి ఓపెనింగ్ చేసినోణ్ణి తెచ్చి ఓపెనర్లు ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మల వెనక మూడో స్థానంలో పెట్టినారు. వాళ్లు నిలిస్తే ఈయనకు బంతులుండవు, వాళ్లు పోతే వచ్చీరాగానే బాదాల. కుదురుకునే సందేది? వేలానికి రెండు నెలల ముందు, 2024 సెప్టెంబర్‌లో, మన అనంతపురంలోనే దులీప్ ట్రోఫీ ఆడినాడు. బాబా ఇంద్రజిత్‌తో నిలబడి 126 బంతుల్లో 111. టైమిస్తే ఏం చేస్తాడో మన జిల్లా నేల మీదే చూపించినాడు.

కొనడం తప్పు కాదప్పా, వాడుకోవడమే సరిగ్గా లేదు. ఏమంటారు?