కోహినూరూ, దీపాలదిన్నే

లండనులో ఒక రోజల్లా తిరగాలంటే ఏం కావాలని ఎవరైనా నన్నడిగితే, కాళ్ళూ డబ్బూ అని చెబుతాను. కాళ్ళ సంగతి అడిగితే మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. డబ్బు సంగతి అడిగితే నేను పెన్షను మీద బతుకుతున్నవాణ్ణి. అయినా 2024 జూనులో ఒక మంగళవారంనాడు, కొడుకూ కోడలూ ఆఫీసులకు పోతూ చెరొక కార్డు చేతిలో పెట్టగా, ఈస్టుహామ్ స్టేషనులో రైలెక్కాము.

అప్పటికి పౌండు విలువ మన డబ్బులో నూటఆరు రూపాయలు. విమానం దిగిన క్షణం నుంచీ నా బుర్రలో నూటఆరో ఎక్కం తిరుగుతోంది. కాఫీ నాలుగు పౌండ్లా? నాలుగు వందల ఇరవై నాలుగు! ఇదీ వరస. రైల్లో మా ఆవిడ మెల్లగా, "ఏమండీ, ఆ ఎక్కం కాస్త మనసులో చదువుకోండి. పక్కవాళ్ళు మంత్రమనుకుంటున్నారు" అన్నది.

ముందుగా టవర్ కోటకు వెళ్ళాలని నిర్ణయించినవాణ్ణి నేనే. ఇద్దరికీ కలిపి 70 పౌండ్లు! మా వయస్సులు తగ్గింపు ధరకు ఇంకా చాలవు. ఎక్కం చదవడానికి కూడా నోరు రాలేదు. ఇంత పిసినారిని ఎందుకు ఇచ్చానంటే, గుంటూరు వెళ్ళగానే మావాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "కోహినూరు చూశారా?" అని. లేదంటే ఇక లండను వెళ్ళినట్టే లెక్క కాదు.

ఆ వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకుంటారు. రుజువు చూపించే కాగితమేదీ లేదనుకోండి. ఆ గనులున్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉన్నది. 1849లో పంజాబు ఇంగ్లీషువారి వశమైనప్పుడు బాలుడైన దులీప్ సింగ్ చేత దీనిని ఇప్పించుకొన్నారు. మరుసటి ఏడు విక్టోరియా రాణికి చేరింది. అప్పుడు 186 క్యారెట్లున్న రాయిని, మెరుపు చాలలేదని 1852లో సానపట్టించి 105 దగ్గరకు దించారు. 1937లో చేయించిన ఒక కిరీటంలో పొదిగారు.

క్యూలో ముప్పావుగంట నిలబడ్డాము. తీరా లోపలికి వెళితే, కిరీటాల పక్కన నేలే కదులుతున్నది! ఎవరూ ఒకచోట నిలబడిపోకుండా చేసిన ఏర్పాటన్నమాట. మనం నడవనక్కరలేదు, అదే లాక్కుపోతుంది. 'అదిగో' అనేలోపల అయిపోయింది. డబ్బు గిట్టుబాటు కావాలని నేను మూడుసార్లు తిరిగి ఎక్కాను. మా ఆవిడ ఒక్కసారితో చాలించి, "మా పిన్ని దుద్దులు ఇంతకంటే మెరుస్తాయి" అని పక్కన నిలబడింది.

బయట 15వ నెంబరు బస్సెక్కి, మేడమీద ముందు సీట్లలో కూర్చున్నాము. నిజం చెప్పొద్దూ, ఆ ఊళ్ళో ఇచ్చిన డబ్బుకు పూర్తి ఫలితం దక్కేది ఈ బస్సులోనే. ఒక పౌండు డెబ్బైఅయిదు పెన్సులకు సెయింట్ పాల్స్ గోపురం, ఫ్లీట్ వీధి, ఇసుక వేస్తే రాలని జనం, అన్నీ చూపించి ట్రఫాల్గర్ స్క్వేరులో దింపాడు. నెల్సను స్తంభం దగ్గర మెట్లమీద కోడలు కట్టియిచ్చిన పులిహోర తిన్నాము. ఎదురుగా నేషనల్ గ్యాలరీ. ప్రవేశం ఉచితమని తెలిసిన తరువాత నేను ఆగుతానా! ఒక్క గది వదలలేదు. వాన్ గో గీసిన పొద్దుతిరుగుడు పువ్వుల ముందు గుంపును తోసుకొని మరీ చూశాను. రెండున్నర గంటలు గడిచాయి.

మా ఆవిడ ఒక బల్లమీద కూర్చుని మోకాళ్ళు పట్టుకొంటున్నది. "ఆ మ్యూజియానికి ఇక వెళ్ళమాండీ?" అన్నది.

"ఏ మ్యూజియం?"

"మా రాళ్ళున్నది."

అప్పుడు గుర్తుకొచ్చింది. మా ఆవిడ పుట్టిల్లు ధరణికోట. అమరావతి స్తూపమున్న దిబ్బను ఆ ప్రాంతంవారు దీపాలదిన్నె అనేవారు. చిన్నప్పుడు అక్కడ ఆడుకొంటుంటే వాళ్ళ తాతగారు "ఇక్కడి బొమ్మలు దొరలు ఓడలమీద పట్టుకుపోయారర్రా" అనేవారట. లండను ప్రయాణం అనుకొన్న రోజున ఆమె కోరింది ఆ ఒక్కటే. నేను సరేనన్నాను కూడా. పొద్దుటినుంచి నా లెక్కల ధాటికి జంకి, నోరెత్తలేదు.

గడియారం చూస్తే నాలుగు. మ్యూజియం అయిదుకు మూసేస్తారు.

నల్ల టాక్సీని చెయ్యెత్తి ఆపాను. మా ఆవిడ నిర్ఘాంతపోయింది. ఆ కారు వంద గజాలు పోతే అయిదు నిమిషాలు ఆగుతుంది. మీటరు మాత్రం ఆగదు. చివరికి సగం దారిలో దిగి, ఆమె చెయ్యి పట్టుకొని నడిపించాను. సంచులు తనిఖీ చేసే క్యూ దాటేసరికి నాలుగుంబావు దాటి పది నిమిషాలు.

గాజు కప్పున్న పెద్ద ప్రాంగణం దాటి, మెట్లెక్కి, వెనక భాగాన ఉన్న 33-ఏ గదికి చేరాము. కింద ఈజిప్టు వస్తువుల దగ్గర తిరునాళ్ళు. ఇక్కడ మనిషి లేడు. అద్దాల వెనక అమరావతి శిల్పాలు వరుసగా నిలబడి ఉన్నాయి. పాలరాళ్ళంటారుగాని, అవి పలనాటి సున్నపురాళ్ళు. ఈ స్తూపం రాళ్ళు ఎన్నో ఇళ్ళకూ, సున్నపు బట్టీలకూ పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడివుండి, 1859లో ఓడెక్కి, 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలోనూ బోలెడున్నాయి. అక్కడికైనా ఆమెను ఒకసారి తీసుకువెళ్ళిన పాపాన పోలేదు నేను.

ఇక్కడ నేల కదలదు. మా ఆవిడ ఒక పలక ముందు నిలబడి కదలలేదు. స్తూపం బొమ్మ, పైన గంధర్వులు, చుట్టూ మొక్కే జనం. "ఈ కడియాలు చూశారా? మా నాయనమ్మకు అచ్చం ఇవే ఉండేవి" అన్నది. బుద్ధుడి పాదాలు చెక్కిన రాయి దగ్గర చేతులు జోడించింది. నేను పక్కన ఉన్న సంగతి కూడా మరచిపోయింది కాబోలు, "ఇంత దూరం ఎట్లా వచ్చారే మీరు" అని ఎవరినో పలకరించింది. రాతిలోని ఆ ఆడవాళ్ళనే!

ఇరవై నిమిషాలైనా అయిందో లేదో, ఉద్యోగి వచ్చి వేళయిందని మర్యాదగా చెప్పాడు. ఆమె గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కు తిరిగి చూసింది.

తిరుగు రైల్లో కూర్చోవడానికి చోటు లేదు. ఒక కుర్రవాడు లేచి ఆమెకు సీటిచ్చాడు. కాసేపటికి నన్ను వంగమని సైగ చేసి, "టాక్సీకి ఎంతయింది?" అని చెవిలో అడిగింది.

"చూడలేదు. కార్డు తగిలించాను, అంతే" అన్నాను.

"నేను చూశాను. పన్నెండు పౌండ్లు" అని వేళ్ళు లెక్కపెట్టుకొని, "పన్నెండు వందల డెబ్బైరెండు" అన్నది.